కాంక్రీటు యుగచరిత్ర – 7: దూలము లేని కప్పు

గతభాగమున ఫ్రాంసువా హెన్నెబిక్ 1892లో పేటెంటు పొందిన కట్టుబడి విధానమును గూర్చి చెప్పుకొంటిమి. స్తంభము, స్తంభమునుండి స్తంభమునకు పెద్ద దూలము, పెద్ద దూలముల నడుమ చిన్న దూలములు, వానిపై పలుచని కాంక్రీటు పలక, ఇవి యన్నియు ఒక్కటిగా పోతపోయబడి గట్టిపడి, ఇటుకకును కొయ్యకును సాధ్యము కాని ఏకశరీరత్వమును పొందుట ఆ విధానపు విశేషము. అయినను కట్టుబడి మాఱినంత వేగముగా గణితము మాఱలేదు. 1886లో జర్మనీ దేశమున మథియాస్ కోనెన్ అట్టి పలకల బలమును లెక్కకట్టు మార్గమును ప్రకటించినది మొదలు, ఇంజనీర్లు పలకను దూలముల మీద వరుసగా పరచిన బల్లలుగానే భావించుచు, అది ఒక్క దిక్కుననే వంగునని యెంచి, ఆ దిక్కుననే ముఖ్యమైన కమ్ములు వేయుచు వచ్చిరి. నేడు మన ఇంజనీర్లు వన్-వే స్లాబు అని వ్యవహరించునది అదియే.

ఈ భాగమున చెప్పబోవునది ఆ దూలములే అదృశ్యమైన వృత్తాంతము. అవి మోసిన భారము ఎవరి పాలబడినదో నిర్ణయించుటకు ఇంజనీర్లు, వ్యాపారులు, న్యాయవాదులు, ఆచార్యులు కలిసి చేసిన దీర్ఘకలహము ఇందు ముఖ్యవిషయము.

పలక రెండు దిక్కులను వంగుననుట గణితవేత్తలకు క్రొత్త సంగతి కాదు. కంపించు లోహపు పలకలపై ఇసుక చల్లి క్లాద్ని చూపిన చిత్రాకృతులు నెపోలియనును ఆకర్షింపగా, వానికి గణితకారణము చెప్పినవారికి బహుమాన మిత్తుమని పారిసు విద్వత్పరిషత్తు ప్రకటించుటయు, స్త్రీలకు విద్యాలయద్వారములు మూసియున్న ఆ దినములలో సోఫీ జెర్మేన్ పలుమాఱులు యత్నించి 1816లో దానిని గెలుచుటయు, ఆమె తొలియత్నములోని దోషమును సవరించు సందర్భమున లగ్రాంజ్ సరియైన సమీకరణమును నిలుపుటయు, 1820 ప్రాంతముల నావియే నలువైపుల ఆధారముగల దీర్ఘచతురస్రపు పలకకు దానిని సాధించుటయు, ఇవి యన్నియు ఉక్కుకమ్మి కాంక్రీటుతో చెలిమి చేయకమునుపే జరిగినవి. కాని ఆ అనంతశ్రేణుల గణితము పనిచోట నిలిచి కమ్ముల సంఖ్య నిర్ణయింపవలసిన వానికి ఏమాత్రము అక్కరకు వచ్చును? అతనికి ఒక చిన్న సూత్రము కావలెను.

అట్టి సూత్రమును జర్మనీయుడు గ్రాషాఫ్, స్కాట్లండువాడు ర్యాంకిన్ అనువారల పేరిట నేటికిని మన కళాశాలలలో చెప్పుచున్నారు. నాలుగు గోడలపై నిలిచిన గదికప్పు నడిబొడ్డున ఒండొంటిని ఖండించు రెండు పట్టీలను ఊహింపుడు. ఒకటి పొడవు దిక్కున, ఒకటి వెడల్పు దిక్కున పోవుచున్నది. రెండును కలియు బిందువు ఒక్కటే గావున, అచ్చట రెండును సమానముగా క్రుంగవలెను. పట్టీ క్రుంగుదల దాని దూరముయొక్క నాలుగవ ఘాతమును బట్టి పెరుగును. కాబట్టి పొట్టి పట్టీ ఎక్కువ భారమును, పొడుగు పట్టీ తక్కువ భారమును గ్రహించును. గది సమచతురస్రమైనచో చెరిసగము. పది అడుగుల వెడల్పు, ఇరువది అడుగుల పొడవు ఉన్నచో, పదునేడు పాళ్లలో పదునాఱు పాళ్లు పొట్టిదిక్కునకే పోవును. పొడవు వెడల్పునకు రెండింతలు మించినచో అది వన్-వే స్లాబు, తక్కువైనచో టూ-వే స్లాబు అని మన ఇంజనీర్లు చేయు విభాగమునకు మూలమైన తర్కము ఇదియే. సెంట్రింగు మీద కమ్ములు అల్లునప్పుడు పొట్టిదిక్కు కమ్మిని అడుగువరుసగాను, పొడుగుదిక్కు కమ్మిని దానిపై వరుసగాను పెట్టు మేస్త్రి ఈ సూత్రమును ఎఱుగకయే దానిని పాటించుచున్నాడు.

ఈ సూత్రమున ఒక లోపము కలదు. పట్టీలు ఒండొంటితో సంబంధము లేనివియని అది తలచును. నిజమునకు పలక ఏకఖండము. ఒక పట్టీ వంగినప్పుడు ప్రక్కపట్టీ మెలిపడును, ఆ మెలికయు కొంత భారమును మోయును. 1924లో హెన్రి మార్కస్ ఈ మెలికను లెక్కకు దెచ్చి, సులువైన సవరణ నొకదానిని ఇచ్చెను. కేవలము ఆనుకొనియుండు సమచతురస్రపు పలకకు గ్రాషాఫ్ లెక్క ప్రకారము నడుమ వంపు భ్రామకము, అనగా ఇంజనీర్లు బెండింగు మొమెంటు అనునది, చదరపు అడుగు భారమును దూరముయొక్క వర్గముచే గుణించినదానిలో పదునాఱవ వంతు. మార్కస్ సవరణతో అది ఇంచుమించు ఇరువదియేడవ వంతునకు దిగినది. అయితే మూలలు లేవకుండ అదిమిపట్టియుంచినప్పుడే ఈ లాభము సిద్ధించును. పలక నడుమ క్రుంగినపుడు మూలలు పైకి లేవజూచును. వానిని లేవనీయక పట్టినచో మూలయందు పగుళ్లు పుట్టును. మన దేశపు ప్రమాణగ్రంథమైన ఐ.ఎస్. 456 మూలలయందు పైనను క్రిందను ప్రత్యేకముగా జాలీకమ్ములు వేయుమని విధించుటకు కారణ మిదియే. ఆ జాలీని అనవసరపు ఖర్చని మానివేయు గృహస్థులు మన పట్టణములలో తక్కువగా లేరు. అది అనవసరము కాదని గట్టిగా చెప్పవలసియున్నది.

ఇంతవరకు చెప్పినది పలకకు నలువైపుల గోడయో, బిగువైన దూలమో ఆధారమైనప్పటి మాట. ఆ రెండును లేక, పలక తిన్నగా స్తంభముల తలలపై వ్రాలియున్నప్పుడేమగును?

ఈ ప్రశ్న విశ్వవిద్యాలయములలో పుట్టలేదు, గిడ్డంగులలో పుట్టెను. అమెరికా సంయుక్తరాష్ట్రములలో మిసిసిపీ నదీతీరమున పిండిమరలకును, వ్యవసాయ పనిముట్ల వర్తకమునకును ప్రసిద్ధిగన్న మినియాపొలిస్ నగరమున, ఇరువదవ శతాబ్ది ప్రారంభమున టోకువర్తకులు అంతస్తుపై అంతస్తుగా గిడ్డంగులు కట్టించుచుండిరి. సరుకు కప్పుదాక పేర్చవలెను, దూలము అడ్డు. కిటికీ వెలుతురు గది నడుమకు పోవలెను, దూలము అడ్డు. అగ్నిభయమునకై కప్పు క్రింద నీటిగొట్టములు పరచవలెను; వానికిని దూలమే అడ్డు. పోత పోయువాని కష్టము మఱియొకటి. చదునైన పలకకు సెంట్రింగు బల్లలు పరచుట తేలిక. ప్రతి దూలమునకును మూడువైపుల పెట్టె కట్టి, విప్పి, మరల కట్టు వడ్రంగుల కూలియే నిర్మాణవ్యయమున పెద్దభాగమగుచుండెను. దూలముల లోతు తీసివేసినచో ప్రతి అంతస్తు ఎత్తును కొంత తగ్గును, బయటి గోడ తగ్గును, మెట్లు తగ్గును. ఇన్ని లాభములు ఎదుట కనబడుచుండగా దూలమును తీసివేయవలెనను కోరిక పుట్టకుండుట అసాధ్యము.

ఆ కోరికను సాధించి చూపినవాడు క్లాడ్ అలెన్ పోర్టర్ టర్నరు. ఇతడు 1869లో రోడ్ ఐలండు రాష్ట్రమున జన్మించి, 1890లో లీహై విశ్వవిద్యాలయమున పట్టము పొంది, వంతెనల కంపెనీలలో పనిచేసి, 1901లో మినియాపొలిసున స్వంత కార్యాలయమును తెఱచెను. 1905–06లో అదే నగరమున జాన్సన్–బోవీ భవనమును అతడు దూలములు లేకుండ నిర్మించెను. స్తంభము పైభాగమును గొడుగువలె వెడల్పుచేసి, స్తంభపు కమ్ములను పలకలోనికి వంచి నలుదిక్కుల విప్పి, వానిని వలయములతో బంధించి, వానిపై నాలుగు దిక్కుల కమ్ములను పరచెను: రెండు వరుసలు స్తంభమునుండి స్తంభమునకు, రెండు మూలనుండి మూలకు. దీనికి అతడు పెట్టిన పేరు పుట్టగొడుగు విధానము. నగరాధికారులు దానిని ప్రయోగముగానే యెంచి, పూర్తియైన పిమ్మట భారము పెట్టి పరీక్షింపవలెనను షరతుపై అనుమతి నిచ్చిరి. నిరూపించు బాధ్యతను టర్నరు తనపై వేసికొనెను. భారము పెట్టిరి; కప్పు నిలిచెను.

అచ్చటినుండి వ్యాప్తికి అడ్డు లేకపోయెను. 1913 నాటికి వేయికి మించిన భవనములు దూలములేని కప్పులతో లేచెను. టర్నరు నిర్మించినవానిలో సెయింట్ పాల్ నగరపు లిండెక్–వార్నరు భవనము చిరకాలము నిలిచి, అతని పనితనమునకు సాక్ష్యమైనది. ఇంజనీరుగా అతని ధైర్యమును, కట్టుబడిలో అతని నేర్పును శంకించువాడు ఎవ్వడును లేడు. అతని లెక్కను గూర్చియే తగవు.

తగవు మొదట గణితమునకు గాక ఆస్తిహక్కునకు సంబంధించినదై ప్రారంభమయ్యెను. మసాచుసెట్సు రాష్ట్రపు ప్రసిద్ధ కంట్రాక్టరు ఆర్లాండో నార్‌క్రాస్, బోస్టను నగరపు ట్రినిటీ చర్చి మొదలగు ఘనభవనములు కట్టిన సోదరులలో ఒకడు, స్తంభమునుండి స్తంభమునకు ఇనుపవలల పట్టీలను పరచి వానిపై చదునైన కాంక్రీటు పోయు పద్ధతికి 1902లోనే పేటెంటు పొందియుండెను. అతడు దానిని టర్నరువలె విరివిగా వాడలేదు. కాని పేటెంటు కాగితము కట్టడముకంటె ఎక్కువకాలము పోరాడగలదు. టర్నరు తన విధానమును అనుకరించినారని పలువురిపై వ్యాజ్యములు వేయుచుండగనే, నార్‌క్రాస్ హక్కులను పొందినవారు టర్నరుపై వ్యాజ్యము వేసిరి. 1910 దశకపు నడుమ అప్పీలు న్యాయస్థానము నార్‌క్రాస్ పేటెంటు చెల్లుననియు, టర్నరు దానిని అతిక్రమించెననియు తీర్పు చెప్పెను. వేరొకని పత్రమునకు లోబడి తన స్వంత సృష్టికే అతడు రుసుము చెల్లింపవలసిన స్థితికి వచ్చెను. ఈ దెబ్బనుండి అతని వ్యాపారము మునుపటివలె కోలుకొనలేదు.

ఈ వ్యాజ్యములను గూర్చి ఇంత చెప్పుటకు కారణము కలదు. పేటెంటు భయమున ప్రతి కంపెనీయు ఏదో యొక భేదము చూపి తన విధానము వేఱని చెప్పుకొనవలసి వచ్చెను. ఒకరు నాలుగు దిక్కుల కమ్ములు, మఱియొకరు రెండు దిక్కులవి, ఇంకొకరు మూడు దిక్కులవి, వేఱొకరు స్తంభము చుట్టు వలయములు వేసిరి. ప్రతి విధానమునకును ఒక పేరు, ఒక ప్రతినిధి, ఒక పట్టిక. గిడ్డంగి యజమాని ఎవరి ధర తక్కువయో వారికి పని నిచ్చును. ధర తగ్గవలెనన్న ఉక్కు తగ్గవలెను. ఉక్కు తగ్గవలెనన్న సూత్రమున భ్రామకము తగ్గవలెను. ఇట్లు గణితసూత్రమే అమ్మకపు సరుకైపోయెను. 1910లో ఈ పద్ధతులను ప్రక్కప్రక్కన పెట్టి పోల్చినప్పుడు, ఒకే పలకకు, ఒకే భారమునకు, ఒక పద్ధతి కోరిన ఉక్కునకును మఱియొకటి కోరినదానికిని నాలుగింతల తేడా కనబడెను. శాస్త్రమని చెప్పుకొను విద్యలో ఇట్టి భేదము కలుగుట సిగ్గుపడదగిన సంగతి. ఆ సిగ్గు ఆనాటి వ్యాపారరంగమున ఎక్కువమందికి కలిగినట్లు కనబడదు.

అట్లాంటికు మహాసముద్రమునకు ఆవల ఇదే పని ఎక్కువ శాంతముగా సాగెను. స్విట్జర్లండున, తదనంతరము వంతెనల శిల్పిగా లోకవిఖ్యాతుడైన రాబర్ట్ మయ్యార్, 1908లో జూరిచ్ నగరమున తన పనిస్థలమునందే నమూనాపలకలు పోసి, వానిపై భారములు పెట్టి, క్రుంగుదలలు కొలిచి, కొలతలనుండియే తన రూపకల్పననియమమును సంగ్రహించి, మఱుసటి సంవత్సరము పేటెంటు పొంది, 1910లో గీస్‌హ్యూబెల్ గిడ్డంగిని కట్టెను. అతడు కమ్ములను రెండు దిక్కులనే పరచెను. స్తంభపు తలను కోణముగా గాక, మెల్లగా విచ్చుకొను వంపుగా తీర్చెను. రష్యాలో ఆర్థర్ లోలైట్ మాస్కో నగరమున 1908 ప్రాంతమున ఇట్టి కప్పునే కట్టెను. ముగ్గురును ఒకరిచే ఒకరు ప్రేరితులు కాక ఒకే కాలమున ఒకే ఫలితమును చేరుట, దూలమును తొలగింపవలసిన అవసరము ఎంత గాఢమైనదో తెలుపుచున్నది.

ఇక పరీక్షల మాట. ఏ సూత్రము నిజమో తేల్చుటకు కట్టిన భవనమునే ప్రశ్నింతమని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయమువారు సంకల్పించిరి. 1910లో ఆర్థర్ లార్డ్ మినియాపొలిసున డీర్ అండ్ వెబర్ గిడ్డంగియందు ప్రసిద్ధమైన పరీక్ష నొకదానిని నడపెను. కాంక్రీటును అచ్చటచ్చట తొలిచి, లోపలి కమ్మిని బయలుపఱచి, భారము పెట్టక ముందును పెట్టిన పిమ్మటను ఆ కమ్మి ఎంత సాగెనో సూక్ష్మసాధనముతో కొలిచిరి. సాగుదలనుండి కమ్మిలోని బలమును, బలమునుండి భ్రామకమును లెక్కించిరి. వచ్చిన ఫలితము వ్యాపారులకు పండుగ. కమ్ములు మోయుచున్నది, లెక్కకు రావలసినదానికంటె ఎంతో తక్కువ. దూలములేని కప్పు సామాన్యసూత్రములకు లోబడని అపూర్వపదార్థమని, అందు కమ్ములు ఒండొంటికి అడ్డముగా సాయపడి బలమును తగ్గించునని వాదము లేచెను. టర్నరుతో కలిసి పుస్తకము వ్రాసిన మిన్నెసోటా విశ్వవిద్యాలయపు ఆచార్యుడు హెన్రీ టర్నర్ ఎడ్డీ ఈ వాదమునకు గణితరూపమును గూడ కల్పించెను.

ఈ సందడి నడుమ, 1914లో అమెరికా సివిల్ ఇంజనీర్ల సంఘపు పత్రికలో జాన్ ఆర్. నికల్స్ అను ఇంజనీరు పండ్రెండు పుటలకు మించని వ్యాసము నొకటి ప్రకటించెను. అందు గహనగణితము లేదు. పలకల సిద్ధాంతము లేదు. కళాశాలలో మొదటి సంవత్సరమున నేర్పు స్థితిశాస్త్రము మాత్రమే కలదు.

అతని వాదమును చెప్పుటకు మన యింటి నులకమంచముకంటె మంచి సాధనము లేదు. మంచముమీద సమముగా పఱచిన బరువును నులక రెండు దిక్కులకును పంచును. సగము బరువు పొడవుదిక్కున పోయి తలవైపు, కాళ్లవైపు పట్టెలపై పడును. తక్కిన సగము అడ్డదిక్కున పోయి ప్రక్కపట్టెలపై పడును. ఇంతవరకు చూచి, ఒక్కొక్క దిక్కు సగము బరువే మోయుచున్నదని చెప్పువాడు పట్టెలను మఱచినవాడు. ప్రక్కపట్టెలు తమపై పడిన సగమును ఏ దిక్కున కోళ్లకు చేర్చుచున్నవి? పొడవుదిక్కున. కాబట్టి పొడవుదిక్కున నులక మోసిన సగమును, పట్టె మోసిన సగమును కలిసి పూర్తి బరువగును. అడ్డదిక్కునను అట్లే. నాలుగు కోళ్లపై నిలిచినదేదైనను, తనపై గల సంపూర్ణభారమును రెండు దిక్కులయందును వేఱువేఱుగా మోసితీరవలెను. దూలములేని కప్పునందు పట్టెలు కంటికి కనబడవు. పలకలోనే, స్తంభమునుండి స్తంభమునకు పోవు పట్టీలో, అవి దాగియున్నవి. కనబడనంతమాత్రమున వాని పని తప్పునా?

నికల్స్ దీనిని ఇట్లు నిరూపించెను. చుట్టు అన్ని పలకలును ఒక్కతీరున భారము మోయుచున్నప్పుడు, ఒక పలకను నడిమికి ఖండించి ఆ సగమును విడిగా చూడుడు. సౌష్ఠవమువలన ఖండించిన అంచున నిలువుకోత లేదు, మెలిక లేదు. పైభారము ఒకచోట క్రిందికి అదుముచున్నది. స్తంభముల తలలు వేఱొకచోట పైకి నెట్టుచున్నవి. ఈ రెండింటి నడుమనున్న దూరముచే కలుగు త్రిప్పుబలమును పలకలోని వంపు భ్రామకములే సరిపెట్టవలెను. వేఱొక దిక్కు లేదు. లెక్క చూచినచో, సమచతురస్రపు పలకకు, మొత్తము భారమును స్తంభముల దూరముచే గుణించి ఎనిమిదిచే భాగింపగా వచ్చునది మొత్తపు భ్రామకము. స్తంభపు తల వెడల్పైనకొలది ఇది కొంత తగ్గును. ఇరువది అడుగుల సమచతురస్రమున చదరపు అడుగునకు 200 పౌనుల చొప్పున మొత్తము 80,000 పౌనుల భారమున్నదనుకొందము. ఎనిమిదిచే భాగించిన మొత్తము 2,00,000 అడుగుపౌనులు. స్తంభపు తల నాలుగడుగుల వెడల్పున్నచో అది సుమారు 1,50,000కు దిగును. ఇందులో కొంత స్తంభముల కడ పైవైపు కమ్ములకును, కొంత నడుమ క్రిందివైపు కమ్ములకును చెందును. ఎవరికెంత అనునది వాదింపదగిన సంగతి. మొత్తము మాత్రము వాదమునకు అతీతము. దానిని తగ్గించుటకు ఏ పేటెంటునకును అధికారము లేదు.

సంఘపు పత్రికలో నికల్స్ వ్యాసముకంటె దానిపై చర్చ ఎన్నో యింతలు దీర్ఘమైనది. టర్నరు మొదలగువారు దానిని కేవలము అసంబద్ధమని తీవ్రపదములతో దూషించిరి. వేయి భవనములు నిలిచియుండగా, పరీక్షలయందు కమ్ములు సుఖముగా నుండగా, కాగితముమీది లెక్క చూపి ఉక్కు చాలదనుట ఏమి శాస్త్రమని వారి యాక్షేపణ. ఇది వినుటకు బలమైన వాదమే. అనుభవమును సిద్ధాంతముకంటె గొప్పదిగా నెంచుట మనుష్యస్వభావము. కాని నికల్స్ చెప్పినది సిద్ధాంతము కాదు. బరువు క్రిందికి లాగునను సత్యమునకు అంకెల రూపము. భవనములు నిలిచినమాట నిజము; లెక్కయు నిజము. రెండు నిజములకును నడుమ ఎక్కడనో మఱియొక కారణము దాగియుండవలెనని యోచించినవాడు ఆ చర్చలో అరుదు.

ఆ కారణమును వెలికిదీసినవారు ఇల్లినాయ్ ఆచార్యుడు హెరాల్డ్ వెస్టర్‌గార్డ్, పరీక్షల యందు ఆఱితేరిన విల్లిస్ స్లేటర్. వెస్టర్‌గార్డ్ 1888లో కోపెన్‌హేగనున పుట్టి, అమెరికాకు వచ్చి స్థిరపడినవాడు. 1921లో వీరిద్దఱును అమెరికా కాంక్రీటు సంఘపు సంపుటమున ప్రకటించిన దీర్ఘవ్యాసమున, ఒకరు పలకల సిద్ధాంతమునుండి భ్రామకముల పంపకమును గణించి చూపిరి. ఒకరు పాతపరీక్షల నన్నింటిని తిరుగ తోడిరి. కమ్మి సాగుదలను కొలిచి బలమును లెక్కించిన పూర్వులు, పగులుకును పగులుకును నడుమనున్న కాంక్రీటు కూడ లాగుడును మోయునని మఱచిరి. దళసరి పలకయందు ఉక్కు తక్కువగాను, పరీక్షాభారము స్వల్పముగాను ఉన్నప్పుడు కాంక్రీటు మోయు ఈ భాగము చిన్నది కాదు. భారము పెట్టిన పలక చుట్టు, భారము లేని పలకలు దానిని బిగించిపట్టి సాయపడుచుండెను. పేర్చిన ఇటుకలును, మూటలును తమలో తాము కమానుగా నిలిచి భారమును అంచులకు చేర్చు ప్రమాదము అట్టి పరీక్షలలో ఎప్పుడును కలదు. ఇట్టి సంగతులను సవరించి చూడగా, కొలతలనుండి వచ్చిన భ్రామకము నికల్స్ చెప్పినదానికి చేరువయ్యెను. కమ్ములలో బలము తక్కువగా కనబడుటకు కారణము పలక స్థితిశాస్త్రమును జయించుట గాక, కొలుచువాడు కాంక్రీటు వాటాను లెక్కలో చేర్చకపోవుట.

న్యాయముగా ఈ కథ ఇచ్చటనే ముగియవలసినది. ముగియలేదు. వేలకొలది కట్టడములు నిలిచియున్నవి, వానియందు ఎనిమిదవ వంతు మొత్తమునకు సరిపడు ఉక్కు లేదు. ఇప్పుడు పూర్తి ఉక్కు కోరినచో అవి యన్నియు దోషయుక్తములని ఒప్పుకొనవలెను. ఉన్న కప్పులు పరీక్షలలో చాలినంత భద్రతను చూపినవను కారణముతో, 1920 ప్రాంతపు అమెరికా నియమావళి నికల్స్ సూత్రపు ఆకారమును యథాతథముగా గ్రహించి, ఎనిమిదవ వంతునకు బదులు, అనగా 0.125కు బదులు, 0.09 అను అంకెను అందు చేర్చెను. అనగా మన ఉదాహరణమునందలి 1,50,000 అడుగుపౌనులకు బదులు 1,08,000. నూటికి డెబ్బదిరెండు పాళ్లు. సత్యముతోడి రాజీ అనదగిన ఈ అంకె ఇంచుమించు అర్ధశతాబ్దికాలము చెల్లుబాటయ్యెను.

ఈ రాజీవలన ఒక విచిత్రమైన అసమానత ఏర్పడెను. దూలములపై నిలిచిన టూ-వే స్లాబు ఒక నియమమునకును, దూలములేని ఫ్లాట్ స్లాబు మఱియొక నియమమునకును లోబడి, ఒకే భవనమున ప్రక్కప్రక్కన ఉన్నను వేఱువేఱు భద్రతలు కలవియయ్యెను. 1930లో ఇల్లినాయ్ ఆచార్యుడే యైన హార్డీ క్రాస్ చట్రములను చేతితో గణించు సులభమార్గమును ప్రకటించిన పిమ్మట, పలకను స్తంభములవెంబడి పట్టీలుగా చీల్చి ఒక్కొక్క పట్టీని చట్రముగా లెక్కించు పద్ధతియు వ్యాపించెను. ఆ లెక్కలో మొత్తము పూర్తిగా వచ్చుచుండగా, అనుభవసూత్రమున తక్కువ వచ్చుచుండెను. ఇంజనీరు తన కిష్టమైన ద్వారముగుండ పోవుచుండెను.

తుదకు 1950 దశకపు ఉత్తరార్ధమున ఇల్లినాయ్ విశ్వవిద్యాలయమున చెస్టర్ సీస్, మెటే సోజెన్ అనువారల ఆధ్వర్యమున తొమ్మిదేసి పలకలుగల అయిదు నమూనాలను నాలుగవ వంతు పరిమాణమున నిర్మించి, దూలములున్నవానిని, లేనివానిని ఒక్కరీతిగా పరీక్షించిరి. ఆ ఫలితములను పురస్కరించుకొని 1971 అమెరికా నియమావళి 0.09ను తొలగించి, ఎనిమిదవ వంతునే నిలిపి, స్తంభపు తలల నడుమనున్న దూరమును లెక్కకు దీసికొని, అందు నూటికి అఱువదియైదు పాళ్లు స్తంభముల కడకును, ముప్పదియైదు పాళ్లు నడుమకును పంచెను. ఇంజనీర్లు దీనినే డైరెక్టు డిజైను పద్ధతి అందురు. మన ఐ.ఎస్. 456 కూడ ఫ్లాట్ స్లాబులకు దీనినే అనుసరించుచున్నది. హైదరాబాదున నేడు ఆఫీసు భవనములకై పోయు దూలములేని కప్పులలో వేయు కమ్ములు, 1914లో దూషణపాత్రమైన ఆ పండ్రెండు పుటల వ్యాసమునుండి లెక్క తెచ్చుకొన్నవే.

నా దృష్టిలో ఈ కలహమున టర్నరు దుష్టుడు కాడు. అతడు గొప్ప నిర్మాత. తన కట్టడములు నిలుచుటనే తన సూత్రమునకు ప్రమాణముగా భావించినవాడు. కాని నికల్స్ పక్షము సత్యపక్షము. తక్కువ ఉక్కు వేసిన ఆ పాతభవనములు నిలుచుటకు, ఉక్కు తునుగకమునుపు చాలదూరము సాగునను గుణము, నిర్ణీతబలముకంటె కాంక్రీటు కాలక్రమమున గట్టిపడుట, అంచనా వేసిన భారము పూర్తిగా పడు సందర్భము అరుదగుట, చుట్టుపలకల బిగింపు, ఇట్టి అనుకూలములు కారణమైనవి. అనుకూలములపై ఆధారపడి కట్టుటయు, వానిని మిగులుగా పెట్టుకొని కట్టుటయు ఒక్కటి కావు.

ఇంతవరకు చెప్పినది వంపును గూర్చియే. స్తంభము పలకను పొడుచుకొని పైకి వచ్చు పంచింగు ప్రమాదము వేఱొక అధ్యాయము. దానిని అటుతరువాత చెప్పుదుము. వచ్చు భాగమున మరల ఐరోపాకు, వెస్టర్‌గార్డ్ జన్మస్థలమైన కోపెన్‌హేగనునకే పోవుదము. అచ్చట 1921లో ఇంగెర్‌స్లెవ్, 1943లో కె. డబ్ల్యు. యోహాన్సెన్ పలక ఎంత వంగునని గాక, ఏ గీతలవెంబడి విరుగునని ప్రశ్నించి, గణనను సమూలముగా మార్చిరి. ఆ గీతల లెక్క చెప్పినదానికంటె రెండింతలకు మించిన భారమును 1952లో జోహాన్నెస్‌బర్గు నగరపు పాత దంతవైద్యశాల కప్పు మోసి, ఆ క్రొత్త సిద్ధాంతమును గూడ ప్రశ్నలో పడవైచెను. అంతవరకు పాఠకులు ఒక్క సంగతి జ్ఞాపకముంచుకొనవలెను: మొత్తము భారమును దూరముచే గుణించి ఎనిమిదిచే భాగించుట. వచ్చు భాగమున ప్రతి మలుపునను దానితో పని యున్నది.